రెండో బూటు విప్పేలోపు

"కొనేవాళ్ళు రెండో బూటు విప్పేలోపే తేల్చేసుకుంటారు,"
అంది తూరున్, గోడ పొడవునా టేపు లాగుతూ.
"మొదటి బూటు మర్యాదకి విప్పుతారు.
ఆ తర్వాత ఉన్న కాస్త సేపే నా ఉద్యోగం."

బెర్గెన్‌లో ఆ వారమంతా వాన.
కొండవాలు మీద మా తెల్ల చెక్క ఇల్లు
తడిసిన పావురంలా ముడుచుకుని కూర్చుంది.

ముందు ఫ్రిజ్ మీది అయస్కాంతాలు పోయాయి.
తర్వాత ఐవిన్ గాలాలు, నా అల్లిక బుట్ట,
మూడేళ్ళ కిందట పోయిన కుక్క బొచ్చు
సోఫా సందుల్లోంచి, పట్టకారుతో.
"ఇంకా వాసన," అంది తూరున్.
ఇద్దరం ముక్కులెగరేసి చూశాం.
మాకేమీ తెలియలేదు.

వ్యానులో వచ్చాయి: ఎవరూ ఆనుకోని దిండ్లు,
వెన్నులు లోపలికి తిప్పిన పుస్తకాలు,
గాజుగిన్నె నిండా నిమ్మకాయలు.
జాబితా రాసి సంతకం పెట్టించుకుంది.
నిమ్మకాయలు, తొమ్మిది.

పడగ్గదిలో మంచానికి అటొకటి ఇటొకటి దీపాలు,
ఒకే రకం నీళ్ళ గ్లాసులు రెండు.
అక్కడ చాన్నాళ్ళుగా ఒకరే పడుకుంటున్నారని
ఆ దుప్పటి మడత చూసి ఎవరూ చెప్పలేరు.
నేనే ఒక క్షణం నమ్మాను.
రెండు వేరు వేరు అద్దె ఒప్పందాలు
బీరువా అడుగున పెట్టి తాళం వేశాక.

వీధి తలుపు సంగతి వేరు.
పదకొండేళ్ళు మాతో పేచీ పెట్టింది అది.
వానకి ఉబ్బి, మోకాలితో ఒకటి తగిలిస్తే గానీ
లోపలికి రానిచ్చేది కాదు.
చేతుల నిండా సరుకులతో తన్నాం, జ్వరంతో తన్నాం,
ఒక అర్ధరాత్రి ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ
ఇద్దరం కలిసి తన్నాం.
వచ్చే వేసవిలో చిత్రిక పడతానన్నాడు ఐవిన్.
ప్రతి వేసవికీ అన్నాడు.
శుక్రవారం మధ్యాహ్నం నలభై నిమిషాల్లో పట్టేశాడు.
చెక్కపొట్టు గడప మీద ఉంగరాలుగా రాలింది.
చీపురు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.
ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం
ఎంత శ్రద్ధగా చేస్తాడో పని.
పైకి అనలేదు.
వంటింటి కిటికీ అద్దాలు నేను మాత్రం
ఎవరి కోసం తుడిచాను?

ఆదివారం ఒంటిగంటకి జనం వస్తారు, మీరుండొద్దంది.
అమ్మేవాళ్ళ మొహాలు కనిపిస్తే
కొనేవాళ్ళు గొంతు తగ్గిస్తారట.
మలుపు దగ్గర కారులో కూర్చున్నాం, దీపాలార్పి,
మా ఇంటికే కన్నం వెయ్యడానికి వచ్చినట్టు.
తెరిచిన తలుపులోంచి నడవా కనిపిస్తోంది.
ఒక ముసలాయన పైకప్పు చూసి బూట్లతోనే వెనుదిరిగాడు.
ఒక జంట గబగబా రెండూ విప్పేశారు.
"వీళ్ళే," అన్నాడు ఐవిన్.
ఆ వెనక పసుపు వానకోటు అమ్మాయి,
ఒక బూటు చేత్తో పట్టుకుని, ఒంటికాలి మీద,
గోడకి చెయ్యి ఆనించి ఆగింది.
సరిగ్గా అక్కడే, నా చెయ్యి ఆనీ ఆనీ
రంగు నల్లబడిన చోట.
గురువారమే దాని మీద రెండు పూతలు వేశాం.
"పడిపోతుందేమో," అన్నాను.
"పడదులే."
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
రెండోది విప్పిందో లేదో,
వాన జల్లు లోపలికి కొడుతోందని
తూరున్ వచ్చి తలుపు మూసేసింది.

రెండున్నరకి అంతా వెళ్ళిపోయారు.
ఐవిన్ అలవాటుగా మోకాలెత్తి ఒకటి తగిలించాడు.
తలుపు మారుమాట లేకుండా తెరుచుకుంది,
మనిషి వెళ్ళి నడవాలో బోర్లా పడ్డాడు.
నవ్వాను. కిందనుంచే తనూ నవ్వాడు.
ఆ చప్పుడు కూడా వ్యానులో వచ్చిందేమో అనిపించింది.

లేచాక ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు.
కూర్చుంటే దిండు నలుగుతుంది.
నిలబడే టీ పెట్టాడు.
గాజుగిన్నె వైపు చూశాడు, నా వైపు చూశాడు,
ఒకటి తీసి కోశాడు.

అమ్మకం కాగితాలతో పాటు
తూరున్ చిన్న బిల్లు జత చేసింది.
నిమ్మకాయ, ఒకటి.
ఎవరి వాటాలో వెయ్యమంటారని
వకీలు ఫోన్ చేసి అడిగింది.