జెండా పాట

ఎనుమాముల యార్డుల పొద్దుగాల
జెండా లేస్తది, పాట మొదలైతది.
ఏ దేశం జెండా అని ఎవరూ అడుగరు.
బట్ట మాసింది. కర్ర మనదే.

నేను తాలుకాయ ఏరేదాన్ని.
తుమ్మి తుమ్మి ముక్కు మొద్దువారింది గని
ధర పడేటి వాసన నాకు ముందే తెలుస్తది:
ఆ రోజు ఖరీదుదారు బస్తాల చెయ్యి వెట్టడు,
ఫోన్ల వెడతడు.

"ఓడలు ఆగినయట" అన్నడు ఇయ్యాల.
ఓదెలు సముద్రం చూసినోడు కాదు.
రామప్ప చెరువు కట్ట మీద నిలవడి
ఇంత నీళ్లా అని మురిసినోడు.
ఆయన నలభై మూడు బస్తాలు
ఏ రేవుల ఆగినయో ఆయనకెట్ల తెలుస్తది?

నిరుడు వాళ్లే వచ్చిండ్రు,
టై కట్టిన పిల్లగాడు, ఎంట దుబాసి.
తేజ కాయ ఇరిచి, గింజలు లెక్కవెట్టి
"ఎంత పండిస్తే అంత" అన్నరు.
పెసర్లు పోయినయ్, నువ్వులు పోయినయ్,
గెట్టు దాక ఎరుపే.

మొన్న పద్దెనిమిది వేలు.
ఇయ్యాల పదకొండు వేల మూడొందలు.
ఎవరూ కొట్టలే, తిట్టలే, బందూకు తేలే.
ఓదెలు మాత్రం దెబ్బ తిన్నోని లెక్క
బస్తా మీద కూసున్నడు.

"కొనెటోడే దొర" అన్నడు హమాలి మొగిలి.
మా తాత కాలంల దొరకు గడి ఉండె,
రాయి ఇసిరితే తగిలేది.
ఈ దొర గోడ ఏ దిక్కున్నది?

రాత్రి సబ్బుతోని, నూనెతోని, మజ్జిగతోని కడిగిన.
చేతుల మంట పోలే.
పిల్లకు గంటెతోనే తినిపించిన.

ఆ ఫోనవతల చెయ్యి కూడ
ఒక్కనాడన్న మండుతదా?