గీత పడ్డ చోట

బ్రిగేడ్ రోడ్డు వెనక సందులో మొదటి అంతస్తు.
మెట్ల మీద తడిగొడుగులు.
యాభయ్యో వార్షికోత్సవం పెట్టెని
రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టాడు కుర్రాడు,
తొట్టిలోంచి నిద్రపోయే పిల్లని ఎత్తినంత నెమ్మదిగా.
"నాలుగు డిస్కులు సార్, ఒక్కోటి నూట ఎనభై గ్రాములు."

గ్రాముల లెక్కన పాటలు కొనడం నాకిదే మొదలు.
జాలహళ్ళి గడియారాల ఫ్యాక్టరీలో
ముప్ఫై ఒక్కేళ్ళు కంటికి భూతద్దం బిగించుకు కూర్చున్నవాణ్ణి,
గ్రాముకి ఎన్ని స్క్రూలు తూగుతాయో నాకు తెలుసు.
ధర చెప్పాడు.
పింఛను పడి ఎన్నాళ్ళయిందో
వేళ్ళ మీద కాకుండా మనసులోనే లెక్కేసుకుని
కార్డు ఇచ్చాను.

"ఇది ఇంట్లో ఉన్నదే కదా?" అంది విమల.
ఉన్నదే.
ముప్ఫయ్యో ఏటిది సీడీ,
నలభయ్యో ఏటిది నీలం రంగు డిస్కు,
ఇది మళ్ళీ నలుపు.
"మూడో డిస్కులో ఏముంది?"
అప్పట్లో పనికిరావని పక్కన పెట్టేసినవి, అన్నాను.
"మన పెళ్ళికీ యాభై దగ్గరపడుతోంది.
పెట్టె వేయిస్తే చెప్పు,
మూడో డిస్కంతా నేనే పాడతా."

మొదట అదే పెట్టాను.
ఎవరో నాలుగు దాకా లెక్కపెట్టి ఆగిపోయాడు.
డ్రమ్ము పుల్ల జారి నేలమీద పడింది.
ఒకడు దగ్గాడు, ఇంకొకడు నవ్వాడు.
మా లైన్లో ఎర్రడబ్బా ఉండేది.
రోజుకి ఒక నిమిషం ముందు పరిగెత్తే గడియారాలు,
ఎంత తట్టినా బద్ధకం వదలనివి,
సాయంత్రం దాకా అందులో పడి
ఎవరి టైము అవి చెప్పుకునేవి.
వాటికెవరూ పెట్టె చేయించలేదు.

అసలు రికార్డు అంతోనీ దాస్‌ది.
లింగరాజపురం. నా పక్క స్టూలు.
ఓడలో పనిచేసే వాళ్ళన్న తెచ్చాడు.
డెబ్భై తొమ్మిదిలో ఒక్క వారానికని ఇచ్చాడు నాకు.
"అంచులు పట్టుకో, వేలు తగలనీకు."
వేలు తగలనీలేదు.
ముల్లు తేలిపోతోందని
దాని నెత్తిన పావలా పెట్టాను.

రెండో వైపు, మూడో పాట.
గోరంత గీత.

సోమవారం ఏమీ ఎరగనట్టు తిరిగిచ్చాను.
మంగళవారం మధ్యాహ్నం, పులిహోర సగం తిన్నాక, అన్నాడు:
"అక్కడ వాడు ఒక మాట మింగేస్తున్నాడే."
నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.
బుధవారం సంచీలో పెట్టి తెచ్చాడు.
"గీత నీది. రికార్డు కూడా నువ్వే ఉంచుకో."

నలభై ఆరేళ్ళు ఆ మాట లేకుండానే విన్నాను.
స్టూళ్ళ మీద ఇద్దరం కూనిరాగం తీస్తే
అక్కడికొచ్చేసరికి ఇద్దరం ఎగిరి దాటేవాళ్ళం,
గుంత తెలిసిన బస్సు డ్రైవర్లలాగ.
సీడీలో ఉండి ఉంటుంది ఆ మాట.
ఆ పాట రాగానే తర్వాతది నొక్కేవాణ్ణి.
నీలం డిస్కుకి సీలు విప్పనేలేదు.
ఎందుకో విమల అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

ఇవాళ వర్షం. కరెంటు ఉంది. ఇంట్లో ఎవరూ లేరు.
రెండో వైపు, మూడో పాట.
గుంత దగ్గరకొచ్చేసరికి
కుర్చీలో నా పాదం దానంతటదే లేచింది.

వాడు ఆగలేదు. ఎగరలేదు.
ఆ మాట అనేసి వెళ్ళిపోయాడు.

మామూలు మాట.
మెజెస్టిక్ బస్సులో కండక్టర్
రోజుకి నూరుసార్లు అనే పాటి మాట.
ఇంతేనా అని మళ్ళీ పెట్టాను. అంతే.

అంతోనీకి ఫోన్ చేశాను.
ఎడమ చెవి పోయింది, కుడిదానికి పెట్టుకోమన్నాను.
"ఒరే, ఆ మాట తెలిసింది."
అటువైపు కుక్కర్ మూడు కూతలు కూసింది.
"చెప్పకు" అన్నాడు.

చెప్పలేదు.
పెట్టె మూత పెట్టి పాతది తీశాను.
సొరుగులో, పాత స్ట్రాపుల కింద పావలా దొరికింది.
ఏ కొట్లోనూ చెల్లదిప్పుడు.
తూచి చూశాను, ఊరికే:
రెండున్నర గ్రాములు, అప్పటిలాగే.