పుత్తూరు కట్టు కాదు

ఎనభై రెండు అంగుళాల పొడుగు, నాలుగు వెడల్పు,
తెల్ల శాటిను, ఎర్ర దారం.
చెన్నై ఏజెంటు ఏకాంబరం కాగితం చేతిలో పెట్టి
"ఆరు పీసులు, శుక్రవారానికల్లా" అన్నాడు.
షెడ్డులో అందరం గుమిగూడినాం.
ఇంత పొడుగు గుడ్డ మనిషికి అడ్డంగా ఎందుకు కడతారో
నగరిలో మాకు తెలిసిన కారణం ఒకటే:
పక్కనే పుత్తూరు.
భుజం ఇరిగితే కట్టు.

"ఇరిగినోళ్లకు కాదమ్మే, గెలిచినోళ్లకు"
ఓనరు తణికాచలం చెప్పినాడు.
సముద్రం నడిమధ్య ఒక దేశమంట.
మా ఊర్లో నాలుగు వార్డుల జనమంట, అంతే.
ఏటా ఒక పిల్లను నిలబెట్టి
ఈమే మా దేశం అంటారంట.
హంసవేణి ఫోన్లో మ్యాపు తెరిచి
వేళ్లతో పెంచింది, పెంచింది,
నీళ్లు, నీళ్లు, నీళ్లు,
ఆఖరికి ఒక చుక్క.
అద్దం మీద ఈగ రెట్టేమోనని
కొంగుతో తుడిచి చూసింది.
పోలేదు. దేశమే.

నా పని అక్షరాలు.
ఇంగ్లీషు చదవడం రాదు, కుట్టడం వచ్చు.
ఇది నిచ్చెన, ఇది కొడవలి,
ఇది పండ్లూడిన దువ్వెన,
అట్లా గుర్తు పెట్టుకోని మిషను నడపతా.
ఐదు పీసుల మీద ఐదు ఊర్ల పేర్లు.
ఆరోదాని మీద ఒక్క దేశం పేరే.
అది ఒకరికి.
తక్కిన నలుగురూ
ఏ పేరుతో వచ్చినారో ఆ పేరుతోనే ఇండ్లకు పోతారు.

కొలత సరిచూడాలంటే మనిషి కావాల.
హంసవేణికి వేస్తే మోకాళ్ల కిందికి జారింది.
"దేశమ్మక్కకు వెయ్యండి" అన్నారెవరో,
నవ్వు పంటి కింద పట్టుకోని.
నన్ను షేర్ ఆటోలో మధ్యన కూర్చోనీరు.
మొన్న ఒక పెండ్లిలో గాజులామె
నా చెయ్యి చూసి
పెట్టె మూసుకోని పక్క వరసకు పోయింది.

వేసినారు.
కుడి భుజం నుంచి ఎడమ నడుము దాకా.
అంగుళం ఎక్కువ లేదు, తక్కువ లేదు.
ఎవురూ నవ్వలేదు.
మగ్గాలు కూడా ఆగి చూసినట్టుండె.
కరెంటు పోయింది, అంతే.
ఆ మసక ఎలుతురులో నా ఎద మీద
నేను చదవలేని దేశం.
మా ఊరి తల్లి పేరే నాకు పెట్టింది మా అవ్వ.
పిలిచి పిలిచి అరిగిపోయిన పేరు,
ఆ పూట దాంట్లో ఉండే దేశం
నా చెవికే కొత్తగా వినపడింది.

"తియ్యక్కా, చెమట పడతాది" అన్నాడు తణికాచలం.
తీసిచ్చినాను.
మడత పెట్టేటప్పుడు నా ఎంట్రుక ఒకటి అంటుకోనుంటే
తియ్యాలా వద్దా అని కొంచేపు చూసి
తీసేసినాను.

నెలకు వీడియో వచ్చింది.
బడి మైదానం, రేకుల పందిలి, వాన.
జెనరేటరు ఆగిపోయి
సెల్లు లైట్ల ఎలుతురులో ఐదుగురు పిల్లలు.
జనం లేచిపోలేదు.
ముసిలోళ్లు గోనెపట్టలు కప్పుకోని,
బిడ్డలు బురదలో ఎగురుకుంటా.
గెలిచిన పిల్ల నాకన్నా రవంత లావు.
నెత్తిన గవ్వల కిరీటం.
వంగింది, ఆరోది వేసినారు.

నేను పిల్లను చూళ్లేదు.
దారం చూసినాను.
మిల్లు దారం అయిపోయి
మా సందులో అద్దిన ఎరుపు ఎక్కించింది నేనే.
మా కుశస్థలి పారే రంగును బట్టి
ఆ వారం ఏ రంగు అద్దినారో చెప్పొచ్చు,
అట్లాంటి రంగు.
తణికాచలానికి చెప్పలేదు.

వానకు అక్షరాలు వదిలినాయి.
నిచ్చెన కరిగింది, కొడవలి కరిగింది,
తెల్ల గౌను మీదికి, మోచేతి మీదికి ఎర్రగా.
ఇరిగినట్టే ఉండాది,
ఎవరో కట్టు కట్టినట్టే.

ఆ పిల్ల చూసుకుంది.
వేలితో తుడిచి
ఓడిపోయిన పిల్ల బుగ్గకు పూసింది.
ఆ పిల్ల ఇంకో పిల్లకు.

"రంగు పోయింది కదక్కా,
డబ్బులు పట్టుకుంటారా?" అన్నది హంసవేణి.
"పట్టుకుంటే పట్టుకోనీ" అని
మళ్లా మొదటి నుంచి పెట్టినాను.