గుర్తు

కాశీనగరం బజారులో
సగం ఒడియా సగం తెలుగు రాసిన బోర్డు కింద
చిటికెన వేలంత సీసాల్లోకి
చక్కెర గుళికలు పోస్తుంటాను.
పాణిగ్రాహి డాక్టరుగారి కోడిగీతలు
ఈ ఊళ్ళో చదవగలిగేది నేనొక్కణ్ణే.

ఆవేళ చీటీ మీద అనకార్డియం అని ఉంది.
బల్ల మీద చాకలి దాలమ్మ ఉంది.

"ఏటి సెప్పను బాబూ,
మొన్న తెలికలోళ్ళ దుప్పటి అట్టికెళ్ళి
పట్నాయకులోళ్ళకి ఇచ్చీసినాను.
కూతురి పేరు నాలిక సివరికొచ్చి
ఎనక్కెళిపోతంది.
ఒక బుద్ది ఏటికి ఎల్లంటది
ఒక బుద్ది ఎల్లొద్దంటది."

డాక్టరుగారు తలెత్తారు.
రెండు బుద్ధులు! పుస్తకంలో అచ్చం అలాగే ఉందన్నారు.
నాకు మాత్రం
ఈ గట్టు మీద అందరిదీ అదే జబ్బనిపించింది,
దరఖాస్తు ఒక భాషలో
ఏడుపు ఇంకో భాషలో.

ఏటి మందిదని అడిగింది.
నల్లజీడి, అన్నాను.

నవ్వింది. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వి
పదివేళ్ళూ నా ముందు పరిచింది.
కాలిన మచ్చలు, పొక్కులు మానిన గుంటలు,
బొటనవేలి గోరు కింద
ఏ సబ్బుకీ లొంగని నలుపు.

సెరంగో కొండల మీంచి
సవర సొంబారు బుట్టతో దిగేవాడట.
గింజలకి ఉప్పు, ఉప్పుకి గింజలు.
వాడు భాలియా అంటే ఈవిడ జీడి అనేది,
బేరం మాత్రం ఏ భాషా లేకుండానే తెగేది.
గింజ తలలో సూది గుచ్చి
బట్ట అంచున చుక్క పెట్టి
పైన తడి సున్నం అద్దితే
బట్ట చిరుగుతుందే గాని చుక్క చెరగదు.
మూడు చుక్కలు కరణంగారిల్లు,
చుక్కా గీతా స్టేషను మాస్టరు,
అడ్డగీత మీద రెండు చుక్కలు మాది.

అదొక్కటేనా, అంది.
పగిలిన మడమకి జీడినూనె,
ఎద్దు గిట్ట చీలితే జీడినూనె,
దిష్టికి గుంటల మొలతాట్లో ఒక గింజ.
బాలింత మందులో వేసే ముందు
ఇటిక పొడిలో దొర్లించి దొర్లించి
దాని కోపం దించాలట.
"కోపం దించకుండా ముట్టుకున్నోళ్ళు
మా అత్తలాగ మొకం వాసి
వారం దినాలు కొబ్బరినూనెలో పడుంటారు."

మరి ఇందులో కోపం ఎంతుందని
సీసా ఊపి అడిగింది.
ఒక చుక్క తొంభైతొమ్మిది చుక్కల్లో కలిపి
అందులోంచి ఒక చుక్క
మళ్ళీ తొంభైతొమ్మిదిలో, అలా రెండు వందల సార్లు.
చెబుతూంటే నా గొంతు నాకే పలచబడింది.

"అంటే వంశధారలో ఇక్కడొక గింజ ఇసిరి
కళింగపట్నం కాడ దోసిట్లో ముంచి
మందంటారు, అంతేనా?"

డాక్టరుగారు వినలేదు.
విన్నా నవ్వేవారో ఏమో తెలీదు.

నెల తిరిగింది. నాలుగు సీసాలయ్యాయి.
గుళికలు తియ్యగా ఉన్నాయంది.
దుప్పట్లు ఇంకా ఇళ్ళు మారుతూనే ఉన్నాయి.
నన్ను ఓసారి పోస్టు బంట్రోతనుకుంది.

ఓ సాయంత్రం, ఎందుకో తెలీదు,
ట్రంకు పెట్టె అడుగునుంచి
మా నాన్న కమీజు తీసుకెళ్ళాను.
మెడపట్టీ పీలికలైంది, బొత్తాల్లేవు.
దాలమ్మ దాన్ని చూళ్ళేదు.
కళ్ళు ఏటి మీదే ఉంచి
అంచు వెంట వేలు జరుపుకుంటూ పోయి
ఒకచోట ఆగింది.

అడ్డగీత. రెండు చుక్కలు.

"గంజి ఎక్కువైతే కసిరేవోడు," అంది.
"పెళ్ళాం పోయిన ఏడు
సీరలు కూడా ఉతకడానికేసేవోడు,
ఎవరూ కట్టనివి.
నాను ఉతికి ఇచ్చేదాన్ని."

పేరు చెప్పలేదు. నేనెవరో అడగలేదు.
"అర్ధరూపాయి బాకీ ఈల్లు," అని మాత్రం అంది.

పది నోటు తీసి ఇచ్చాను.
వెనకా ముందూ తిప్పి చూసి
చిల్లర లేదని
నా జేబులోనే పెట్టేసింది.