ఒగ్గెయ్

తంపర నీళ్ల మీద మంచు లేవకముందే
డీజిలు వాసన లేస్తుంది.
తీగ మీంచి ఆరు పసుపు జాకెట్లు దించుతాను.
అన్నిట్లోకీ చిన్న జాకెట్టు కన్నా
దానేశ్వరి ఇంకో నాలుగు వేళ్లు చిన్నది.
నాడా మూడు చుట్లు తిప్పి బిగించి
"ఊపిరాడతందా?" అంటే
"ఆడతంది గానీ నవ్వాడట్లేదు" అంటుంది.

ముందు గట్టు మీదే చదువు.
పలకకి రెండు బూట్లు. పాదం దూరదు.
బట్టల సబ్బు నురగ రాసి తోస్తే
సర్రున జారి కూచుంటుంది, బుట్టలో పడ్డ చేపలాగా.
పచ్చిగడ్డి మీద వెల్లకిలా, మోకాళ్లు గుండెకి.
చేతులు చాపు. వంచకు.
కోడి కింద గుడ్డువి నువ్వు, కదలకు.
తాడు రెండో కొస నేనే పట్టుకుని లాగుతాను
నోటితో ఇంజను మోత చేస్తూ.
అందరూ లేవాలని చూస్తారు. అదే తప్పు.
లేవకు. నీళ్లు లేపుతాయి.
నువ్వు కూర్చోడం మర్చిపోతావు, అంతే.

టుకునా నాలుగు రోజుల్లో నిలబడ్డాడు.
బరంపురం నుంచి కారులో వచ్చే డాక్టరుగారి పిల్ల
రెండో రోజుకే ఒంటిచేత్తో టాటా చెప్పింది.
దానేశ్వరి మాత్రం
పడిన ప్రతిసారీ మునుగుతుంది.

ఆ జాకెట్టుతో మునగకూడదు గదా!
తీరా చూస్తే, తాడు వదలదు.
బోర్లా పడి, మొహంతో నీళ్లు దున్నుకుంటూ,
ముక్కు నిండా నాచు పెట్టుకుని,
పడవ ఆగేదాకా పిడికిలి విప్పదు.
"ఒగ్గెయ్! ఒగ్గెయే!" అని అరుస్తాను.
ఒడియాలోనూ అరుస్తాను, "ఛాడి దే!"
బడి ఒడియా, ఇల్లు తెలుగు.
దాని లెక్కలు ఒక బాసలో, భయాలు ఇంకో బాసలో.
తాడు ఏ బాసలో ఉందో
నాకు దొరకలేదు.

పైకి తీస్తే దగ్గుతూనే, గొప్పగా,
పిడి ఎత్తి చూపించింది. "ఒగ్గలేదు, చూడు."
"ఎవులు చెప్పారే నీకిలాగ?"
"మా నాన్న. తాడొగ్గినోడు వలొగ్గినోడంట.
వలొగ్గినోడు కూడొగ్గినోడంట."

మా అయ్య కుడిచేతికి ఉంగరం వేలు లేదు.
ఆర్యపల్లి రేవులో ఒక రాత్రి తాడు పట్టుకుపోయింది.
"వేలు పోయింది గానీ తాడు పోలేదు" అని
పెళ్లి భోజనాల్లో చెప్పేవాడు, నాలుగు వేళ్లతో
అన్నం కలుపుతూ. జనం నవ్వేవారు.
నేనూ నవ్వేదాన్ని.

ఇంజను ఆపేసి దాని పక్కన నీళ్లలోకి దిగాను.
మీ నాన్న చెప్పింది సముద్రం తాడు.
అక్కడ ఒగ్గితే పడవ అటే పోద్ది.
ఇది తంపర తాడు.
దీన్ని ఒగ్గితే పడవ నీకోసం ఎనక్కి తిరుగుద్ది.
నమ్మలేదు.
ఎందుకు నమ్మాలి? దానికి తెలిసిన పడవలన్నీ
అది నిద్ర లేవకముందే వెళ్లిపోయేవి.
కాసేపు జాకెట్టు మెడలోంచి కాళ్లకేసి చూసి అడిగింది,
"నానొగ్గితే ఎంతలోకి వస్తావు?"
"పది లెక్కెట్టు."

మళ్లీ మోత. మళ్లీ తాడు బిగిసింది.
ఈసారి కూర్చోడం మర్చిపోయింది, ఎంతసేపో కాదు,
కొంగ ఒకటి తుంగలోంచి ఎగిరి ఇంకో తుంగలో వాలేంత.
తర్వాత పక్కకి ఒరిగింది.
తాడు పిడి ఒక్కతే
నీళ్ల మీద గెంతుకుంటూ నా వెనకాల వచ్చింది.

చుక్కాని తిప్పేసరికి
దూరాన పసుపు బుడగలాగ తేలుతోంది పిల్ల,
రెండు అరచేతులూ ఖాళీగా ఆకాశానికి చూపిస్తూ.
లెక్క వినపడుతోంది, గట్టిగా, తాపీగా.
ఏక, దుయి, తిని...
ఆ గొంతులో వణుకు ఎక్కడుందా అని వెతికాను.
సాత దగ్గర ఇంజను తగ్గించాను,
ఆఠ అనేసరికి చెయ్యందించాను.

చెయ్యి పట్టుకోలేదు.
కళ్లలో నీళ్లు తుడుచుకుని కసురుకుంది.
"పదన్నావు గదా!
ఎనిమిదికే వచ్చేసినావేటి?"