ఒక చెవి బయట

ఎనిమిదిన్నరకు పక్కింటి పిండిమర ఆగింది.
గ్రీమ్స్‌పేటలో మా మేడమీది గది
అప్పుడు గాని నాది కాదు.
గోడలకు కోడిగుడ్ల అట్టలు, తలుపుకు పాత బొంత.
ఫ్యాను ఆపితే చెమట, ఆపకుంటే రొద.
స్టూలు మీద మొగిలప్ప మామ,
ముప్పై ఏండ్లు భారతం ఆటల్లో ఆడవేషం కట్టిన మనిషి,
పగలు మామిడి అంట్లు కట్టే మనిషి,
వేళ్ళకింకా ఆ జిగురు వాసన.
నా హెడ్‌ఫోను ఆయన మెడలో
ఎద్దుకు కొత్త పలుపులా ఉంది.

"పాడు మామా" అన్నా.
ఒక పాదం ఎత్తుకున్నాడు, రెండోదానికి ఆగిపోయినాడు.
"ఎవుర్రా నా యెనకాల పాడేది?"

బఫర్ వెయ్యిన్నీ ఇరవై నాలుగు.
పెట్టెలోకి పోయిన గొంతు
లాప్‌టాప్ అంతా ఒక చుట్టు చుట్టి
మళ్ళీ చెవికి చేరేసరికి
రెప్ప సగం వాలినంత ఆలస్యం.
సగం రెప్పే.
తాళం కాలు జారడానికి అది చాలు.

అరవై నాలుగుకు దించినా.
గొంతు గొంతుతోనే ఉంది ఇప్పుడు,
నడి మధ్యలో ఆవాలు చిటపట.
"తిరగమోత పెట్టినావా?" నవ్వినాడు.
ఈ లాప్‌టాప్ నాకంటే ముందు
ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో చాకిరీ చేసింది.
చిన్న చెంబులతో గబగబా అందిస్తే
అందుకోలేక ఒలకబోస్తుంది.
పెద్ద బిందె ఇస్తే ఒలకదు,
అది నిండేదాకా ఎవరి దప్పికా తీరదు.
బఫరంటే ఇంతే మామా అని చెప్పబోయి
నాకే మొదటిసారి అర్థమైంది.

వైఫై ఆపినా.
కింద నుంచి మా చెల్లెలు అరిచింది.
యాంటీవైరస్‌ను నిద్రపుచ్చినా.
బ్యాటరీ పొదుపు తీసేసినా, డ్రైవర్ పీకి మళ్ళీ వేసినా.
ఒకచోట నలభై ఎనిమిది వేలు,
ఇంకోచోట నలభై నాలుగు వేల ఒక వంద,
ఒకే ఇంట్లో రెండు గడియారాలు.
రెండింటినీ కలిపినా.

నూట ఇరవై ఎనిమిది.
పద్యం సగం దాకా మచ్చ లేదు,
రాగం పైకి లేచి గాల్లో నిలబడిన చోట, సరిగ్గా అక్కడ,
చిట్.

రెండు వందల యాభై ఆరు.
చిట్ పోయింది. వెనకాల పాడేవాడు మళ్ళీ వచ్చినాడు,
ఈసారి కాస్త దగ్గరగా, మొహమాటపడుతూ.

పాడినోడికి తన గొంతు నేరుగా వినిపించే గుబ్బ
కొన్ని పెట్టెలకు ఉంటుంది.
నేను కొన్నదానికి లేదు.
రెండు వేలు మిగిలిందని ఆ పూట
బిర్యానీ తిన్న గుర్తు.

పది దాటింది. ఫ్లాస్కులో టీ అడుగుకు వచ్చింది.
నేను మళ్ళీ మెనూలో దూరబోతే
మామ గొంతు సవరించుకున్నాడు.

"బంగారుపాళ్యం కాడ ఒక పల్లెలో
మైకుసెట్టోడు గొట్టాలు తీస్కపోయి ఆ కొసన చింతచెట్టుకు కట్టినాడు.
నేనీడ 'అన్నా' అని పిలిస్తే
ఆడ ఇంకో ద్రౌపది నిదానంగా పిలిచేది.
గుట్టకు తగిలి మూడోది.
తెల్లార్లూ ముగ్గురం ఏడ్చినాం అబ్బయా."

"ఎట్లా పాడినావు మరి?"

"దాన్ని వింటే చచ్చినట్టే.
దవడ ఎముకలో వినాల."

అని, హెడ్‌ఫోను ఎడమ దిక్కు
చెవి వెనక్కి తోసేసినాడు.
కుడి చెవిలో నా తంబూరా, నా అంకెలు, నా ఆలస్యం.
ఎడమ చెవిలో గది.
అరచెయ్యి దానికి గోడగా పెట్టి
కళ్ళు మూసుకున్నాడు.

నేను రెండు వందల యాభై ఆరును తాకలేదు.
మౌస్ మీంచి చెయ్యి కూడా తీసేసినా.
తెర మీద గొంతు గీతలై పోతా ఉంటే
చూడడం మానేసి విన్నా.
నాలుగో పద్యంలో వీధి కుక్క ఒకటి కలిసింది,
ఐదోదానికి మామ బొటనవేలు నేల మీద.

ఐరాల ఆఖరి బస్సు పోయింది.
బండి మీద దిగబెట్టడానికి బయల్దేరినా.
కలెక్టరేటు దాటి చీకటి మొదలైనాక
నా వెనకాల పాడతా ఉన్నాడు.
పక్కకు తీసి ఆపి
హెల్మెట్ విప్పి ట్యాంకు మీద పెట్టుకున్నా.