గాలి ఎక్కడ్నో గుంజుతాంది

మట్టెవాడ సందుల, మా షెడ్డు ముంగట
తొంభై ఎనిమిది మోడల్ మారుతి
మూడు రోజులసంది వణుకుతాంది.
ఐడిలింగ్ నిలవడదు, పొగ పరీక్షల ఫెయిల్.
కార్బురేటర్ రెండుసార్లు కడిగినం, ప్లగ్గులు మార్చినం.
"గాలి ఎక్కడ్నో గుంజుతాంది" అన్నడు యాకూబ్ సాబ్.

పదకొండు సన్న నల్ల గొట్టాలు.
ఏది ఎటు పోతదో బానెట్ కింది స్టిక్కర్ చెప్పాలె,
అది ఎప్పుడో వేడికి పొట్టు లేచింది.
ఆయనకైతే కంఠతా వచ్చు.

ఈజీఆర్ గొట్టం ఊడదీసి
తుడువకుండనే నోట్ల పెట్టుకున్నడు.
ఊపిరి గుంజి, కొసకు నాలుక ఆనియ్యాలె.
అతుక్కొని ఉంటే లోపలి పొర మంచిగున్నట్టు.
నాకు నేర్పిన మొదటి పరీక్ష ఇదే.

గుంజిండు. జారింది.
మల్ల గుంజిండు. దగ్గు.
"పొర చినిగింది, కొత్తది తెప్పియ్యి."

ఆజంజాహి మిల్లుల పదమూడేండ్లు
దూది ధూళి మింగిన ఛాతి అది.

ఆయన చాయ్‌కు పోయినంక
అదే గొట్టం నేను గుంజిన.
నాలుకను పట్టుకున్నది,
ఇడువలేదు.

పగులు దొరికింది ఇంకో కాడ,
కార్బురేటర్ వెనుక చూపు ఆనని వంపుల,
వెంట్రుకంత.
నీళ్లు చిలకరిస్తే ఇంజన్ గొంతు మారింది.
బెత్తెడు గొట్టం, పన్నెండు రూపాయలు.

ఆయనొచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టి
చానసేపు వణుకు కోసం ఎతికిండు.
"పొర మార్చినవా?"
"మార్చిన సాబ్."
"పాతదేది?"

ఏం జెయ్యాలె, గొట్టం ముక్క చేతుల పెట్టిన.
వంచి చూసిండు. పగులు నోరు తెరిచింది.
మాట్లాడకుండ జేబుల ఏసుకున్నడు.

బిల్లుల సామానుకు
పన్నెండే రాసిండు.